శుక్రవారం తాత

“ఆ శుక్రవారం తాతని మాన్పించాల్సిందే!” అంటూ పళ్ల డాక్టరమ్మ టీ కప్పు ఠప్పున బల్ల మీద పెట్టింది. “కారెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పిల్లల నోట్లో చాక్లెట్లే. వారమంతా నేను తోమించిన పళ్లు ఆ ఒక్క సాయంత్రంతో పుచ్చిపోతున్నాయి.”

“చాక్లెట్ల సంగతి సరే, ఆ నడపడం చూశారా?” అన్నాడు బ్యాంకాయన. “నత్త కూడా హారన్ కొట్టి దాటిపోతుంది.”

ఒకే వీధిలో నాలుగిళ్ల వాళ్లు. పిల్లల్ని బడి నుంచి తేవడానికి వంతులు వేసుకున్నారు. సోమవారం డాక్టరమ్మ, మంగళవారం బ్యాంకాయన, బుధవారం టైలరు, గురువారం సంగీతం టీచరు. శుక్రవారం తాత. బళ్లు తెరిచినప్పటి నుంచి ఒక్క పేచీ లేకుండా నడుస్తున్న ఏర్పాటు. పక్క వీధి వాళ్లు చూసి కుళ్లుకునేంత చక్కగా.

“మరి పెద్దాయనకి ఎవరు చెబుతారు?” అడిగింది సంగీతం టీచరు.

“టైలరు గారే చెప్పాలి. వాళ్ల మామగారేగా!” అన్నాడు బ్యాంకాయన.

టైలరు పకపకా నవ్వాడు. “మా మామగారికి సైకిలే రాదండీ బాబూ. ఈయన మీ పెదనాన్న కదూ?”

“మా నాన్నే అందరికన్నా పెద్దవాడు, ఇంక పెదనాన్నెక్కడ? అయితే డాక్టరమ్మ గారి తాలూకు మనిషయి ఉంటాడు. ఆవిడేగా బాబాయ్ గారూ, బాబాయ్ గారూ అంటారు.”

“తల నెరిసిన ప్రతివాళ్లనీ అలాగే పిలుస్తాను. పన్ను పీకేటప్పుడు అలా అంటేనే నోరు తెరుస్తారు...” అంది డాక్టరమ్మ.

ముగ్గురూ సంగీతం టీచరు వైపు తిరిగారు. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

టీ చల్లారిపోతోంది. ఎవరూ ముట్టలేదు. బయట మబ్బు కమ్మి, వీధి దీపాలు వేళకి ముందే వెలిగాయి. ఆ రోజు శుక్రవారం.

“ఫోన్ నంబరు?”

ఎవరి దగ్గరా లేదు.

“పోనీ కారుది?”

అదీ లేదు. వంద గజాల దూరం నుంచి గుడ్డ రంగు చెప్పేసే టైలరుకి ఆ కారు బూడిద రంగో, ఆకుపచ్చో తేలలేదు. బడికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. వారం వారం ఇంటి గేటు దగ్గర నిలబడి ఆ తాతకి చెయ్యూపిన డాక్టరమ్మ, ఆ మొహం ఎలా ఉంటుందో ఎంత తన్నుకున్నా గుర్తు తెచ్చుకోలేకపోయింది. ఒక్కసారి పళ్లు చూపించి ఉంటే గుర్తుండేదేమో.

నలుగురూ వీధిలోకి వచ్చేశారు. రావలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. బ్యాంకాయన మలుపు దాకా పరిగెత్తి వెనక్కొచ్చాడు. సంగీతం టీచరు గేటు ఊచ పట్టుకుని వదల్లేదు.

అప్పుడు మలుపులో రెండు దీపాలు కనిపించాయి. నత్తలా వచ్చి ఆగాయి. తలుపు తెరుచుకుని పిల్లలు నలుగురూ దిగారు, బుగ్గల్లో చాక్లెట్లతో.

టైలరు వెళ్లి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. “ఎవరయ్యా నువ్వు? ఎవరి తాతవి?”

“ఎవరి తాతనీ కాదు నాయనా. బడి గేటుకి ఎదురిల్లు నాది. మొదటి శుక్రవారం గేటుకి తాళం పడ్డాక కూడా ఈ పిల్లలు బయటే నిలబడి ఉన్నారు. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చూస్తూ కూర్చోలేక తెచ్చి దింపాను. ఈ తల్లి, ‘థాంక్స్ బాబాయ్ గారూ, వచ్చే వారం కూడా మీరేగా’ అంది. కాబోసనుకున్నాను.”

“శుక్రవారం ఎవరో ఒకరం చూసుకుందాం అనుకున్నాం కదూ...” గొణిగాడు టైలరు. చెయ్యి దానంతటదే జారింది.

పదిమందిలో పాము చావదంటారు. ఇక్కడున్నది నలుగురే. అయినా పాము నిక్షేపంగా బతికింది.

సిగ్గుపడాల్సిన చోట మనిషికి ముందు కోపం వస్తుంది. బ్యాంకాయనకీ అదే వచ్చింది. “ఈ కథలు మా దగ్గర కాదు! ఇంకోసారి ఆ గేటు దగ్గర కనిపించావంటే పోలీసులకి పట్టిస్తాం.”

ముసలాయన అందరి మొహాలూ చూశాడు. “అలాగే నాయనా. ఆ వైపు కిటికీ కూడా తెరవను,” అని కారెక్కాడు.

“తాత ఇంక రాడా?” డాక్టరమ్మ కూతురు ఏడుపు లంకించుకుంది.

“ఆయన మన తాత కాదు. వచ్చే వారం నుంచి వేరేవాళ్లు వస్తారు. పిలవగానే పేచీ పెట్టకుండా ఎక్కాలి, తెలిసిందా?” అంది డాక్టరమ్మ.

చినుకులు మొదలయ్యాయి. ఎవరి పిల్లని వాళ్లు రెక్క పట్టుకుని ఇళ్లకేసి నడిచారు.

“మరి శుక్రవారం?” వెనక నుంచి కేకేసింది సంగీతం టీచరు.

“చూసుకుందాం లెండి,” అంది డాక్టరమ్మ.

“ఆఁ, చూసుకుందాం,” అన్నారు మిగతావాళ్లు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. బడి గేటుకి తాళం పడింది. పిల్లలు నలుగురూ గోడవారగా నిలబడ్డారు. ఎదురింటి కిటికీకి తెర దించి ఉంది.

రోడ్డు ఖాళీ అయ్యాక ఒక నల్ల కారు ముందుకెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది. అద్దం కిందికి దిగింది.

“తాత రాలేదా?” అడిగింది డాక్టరమ్మ కూతురు.

లోపలి మనిషి ఒక్క క్షణం ఆలోచించాడు.

“తాతే పంపాడమ్మా. ఎక్కండి.”