సగం వేగంలో మా ఆవిడ

నా గొంతు పైకి ఎక్కదని గిటారు శ్రుతి రెండు మెట్లు దించాను. రికార్డు పాటనూ అంతే దించి, సగం వేగంలో వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. దాంతో కలిసి వాయిస్తూ, నా వాయింపును కూడా ఫోన్లో రికార్డు చేసుకుంటున్నాను.

మధ్యలో మా ఆవిడ ఊడిపడింది. ఆవిడ తిట్లు వడగళ్ల వాన. సగం కూడా నాకు అందవు.

"రేపటికి ఈ ఇంట్లో ఆ గిటారన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి!" అంటూ, ఇంకేదో గొణుక్కుంటూ వెళ్లి తలుపు ధడేల్మనిపించింది. వంటింట్లో మిక్సీ మొదలైంది.

తప్పులు చూసుకుందామని నా రికార్డునూ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టాను. గిటారు అయ్యాక సగం వేగంలో, దిగిన శ్రుతిలో మా ఆవిడ తిట్లు వచ్చాయి. అచ్చం మా మామగారి గొంతు! నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

తలుపు చప్పుడుకు ముందు మామగారు తీరిగ్గా గొణిగారు: "నిన్నటికన్నా నయమే... ఆ రెండో చరణం ఇంకోసారి వాయిస్తే బాగుండు."

కూర్చుని రెండో చరణం ఎత్తుకున్నాను.

"మళ్లీ మొదలెట్టారూ!" మిక్సీ హోరులోంచి కేక.

ఆ వెంటనే మిక్సీ ఆగింది.