నాన్న మీద ప్రయోగం

"వేలు చాపు నాన్నా."

వడ్రంగి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రోజంతా ఉలితో, మేకులతో చెలగాటమాడే చెయ్యి అది. బొటనవేలికి చుట్టిన గుడ్డపీలిక కింద ఎప్పటిదో గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అలాంటి మనిషికి కూతురి చేతిలో ఉన్న చిన్న సూదిని చూస్తే చెమటలు పట్టాయి.

"మీ అమ్మ వేలు పనికిరాదా?"

"నీ పేరే ఇచ్చాను. ఇప్పుడు మార్చనివ్వరు."

స్టవ్ దగ్గరున్న తల్లి ఇటు తిరగలేదు. దుంపలు ఉడికించిన గిన్నె తుడుస్తోంది.

సైన్సు పోటీ అని కూతురు చెప్పినప్పుడు వడ్రంగి సరిగా వినలేదు. రెండోసారి చెబితే అర్థమైంది. ఉడికించిన బంగాళాదుంపలు ఒట్టిగా తింటే రక్తంలో షుగర్ ఎంత పెరుగుతుంది? వాటితోపాటు గుప్పెడు వేరుశనగలు తింటే ఎంత పెరుగుతుంది? గింజల్లో ఉండే కొవ్వు, పీచు వల్ల దుంపల్లోని పిండి నెమ్మదిగా అరుగుతుందట. అందుకని షుగర్ ఒక్కసారిగా ఎగబాకదట. అది అంకెలతో చూపించాలి. షుగర్ చూసే మిషన్ కూడా వీధి చివర ఉండే నర్సును అడిగి తెచ్చుకుంది.

ఇంకెవరైనా అడిగితే పొమ్మనేవాడే. కానీ అడిగింది ఈ పిల్ల. క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు చేరే పిల్ల. అలాంటిది నలుగురి ముందు మైకు పట్టుకుంటానంటోంది. ఆ సంగతి పనిచేసే చోట అందరికీ చెప్పేశాడు. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాడు.

కళ్ళు గట్టిగా మూసుకుని వేలు చాపాడు.

మొదటి రోజు ఒట్టి దుంపలు. తిన్న రెండు గంటలకు మిషన్ రెండు వందల తొంభై చూపించింది. కూతురి ముఖం పాలిపోయింది. నూట నలభై దాటకూడదని మెల్లగా చెప్పింది.

"మీ నాన్నకి ఎందులోనైనా ఎక్కువ మార్కులే," అని నవ్వాడు వడ్రంగి.

ఎవరూ నవ్వలేదు.

మర్నాడు అన్నే దుంపలు, పక్కన గుప్పెడు వేరుశనగలు. ఆ రెండు గంటలూ ఆయన కుదురుగా కూర్చోలేదు. గ్లాసు మీద గ్లాసు మంచినీళ్ళు తాగాడు. కూతురు గోడ గడియారం వంక చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. ఈసారి రెండు వందల నలభై అయిదు.

"తగ్గింది కదా. గింజలు పనిచేశాయి. ఇక గెలిచినట్టేగా?"

కూతురు తల అడ్డంగా ఊపింది. అంకె తగ్గింది నిజమే. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద చేసిన ప్రయోగమైతేనే ఒప్పుకుంటారట. ఈ అంకెలు చూస్తే పక్కన పడేస్తారట.

వడ్రంగికి కోపం వచ్చింది. కొలత తేడా వచ్చిందంటే ఆయన ముందు టేపునే అనుమానిస్తాడు. పాత టేపు సాగిపోయి పనంతా పాడైన రోజులు ఆయనకు గుర్తే. ఈ మిషన్ కూడా అలాంటిదే అన్నాడు. మూడో రోజు భార్యనూ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళకూ అన్నే దుంపలు పెట్టించాడు. రెండు గంటలూ కాపలా కాశాడు. భార్యకు నూట పద్దెనిమిది. కూతురికి నూట ఆరు.

మిషన్‌ను తిప్పి వెనకవైపు చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తర్వాత బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

ఆ ఇంట్లో షుగర్ మాట ఎవరూ ఎత్తరు. ఆయన అన్నయ్య ఆ జబ్బుతోనే ఆస్పత్రికి నడిచి వెళ్ళి, ఒంటికాలితో తిరిగి వచ్చాడు. అప్పటినుంచి వడ్రంగి ఆస్పత్రి ఉన్న వీధిలోకి సైకిల్ పోనివ్వడు. జ్వరమొస్తే ముసుగు తన్ని పడుకుంటాడు. తీసుకెళ్తామన్నవాళ్ళతో వారాల తరబడి మాట్లాడడు. భార్యకు అది అనుభవమే.

"పోనీలే నాన్నా," అంది కూతురు. "పోటీలోంచి నా పేరు తీసేయమని చెబుతా."

"తీసేయమంటావా?"

"మరేం చెయ్యను?"

వడ్రంగి బొటనవేలి గుడ్డను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. భార్య కూతురి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఈ క్షణంలో ఒక్క మాట ఎక్కువైతే ఆయన లేచి వెళ్ళిపోతాడని ఆమెకు తెలుసు.

"చెక్క వంకరగా ఉంటే చిత్రిక పట్టాలిగానీ, టేపును తిట్టి ఏం లాభం," అని గొణుక్కున్నాడు చివరికి. తర్వాత కూతురి వైపు చూడకుండానే అడిగాడు. "డాక్టరు మందిస్తే ఈ అంకె దిగుతుందా?"

"దిగుతుంది నాన్నా."

"పోటీ లోపల?"

"టైముంది."

లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒక కాజాకు బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నాడు. భార్య దగ్గరకొచ్చి, విప్పి సరిగ్గా పెట్టింది.

గుమ్మం దాటబోతూ ఆగాడు.

"నేనొచ్చేలోపు గట్టిగా చదవడం అలవాటు చేసుకో తల్లీ. చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడాలి."

అలాగేనని తల ఊపింది కూతురు. అమ్మానాన్నలిద్దరూ సందు మలుపు తిరిగి, ఆస్పత్రి వీధి వైపు వెళ్ళేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.

వాళ్ళ స్కూల్లో అసలు ఏ పోటీ లేదు.