పడటం నేర్పబడును

"ఊఁ, పడు!" అంది టీచరు.

ఆమె పడలేదు. పరుపు ముందు కొయ్యబారి నిలబడింది. చుట్టూ ఉన్న ముసలివాళ్ళు మాత్రం దబదబా పడుతున్నారు, లేస్తున్నారు, ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటున్నారు. బట్టతల తాత ఒకాయన ఆమె కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చి, "భయపడకమ్మా, నేల ఎక్కడికీ పారిపోదు" అన్నాడు.

లైబ్రరీ కింది అంతస్తులో జరిగే వ్యాయామం క్లాసు అది. దెబ్బ తగలకుండా కింద పడటం నేర్పుతారు. ఈ పరాయి దేశంలో దీనికి కూడా క్లాసుంటుందని ఆమెకు మొన్నమొన్నటిదాకా తెలియదు. పడటానికి ఫీజు కట్టిందని తెలిస్తే మనవాళ్ళు పడీ పడీ నవ్వుతారు.

ఇక్కడివాళ్ళు తమ జబ్బుల గురించి ఎండావానల గురించి చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పుకుంటారు. చేరిన రోజు అందరూ చెప్పారు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి షుగరు, ఇంకొకరికి చెవిలో ఏదో తేడా. ఆమె వంతు వచ్చినప్పుడు, "అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతాయి, అంతే" అంది. సముద్రాలు దాటి వచ్చినా అబద్ధం మాత్రం అమ్మ నేర్పిందే.

అసలు సంగతి మూర్ఛ.

బళ్ళో చదువుకునే రోజుల్లో మొదలైంది. సంబంధాలు చూసే నాటికి కాస్త తగ్గుముఖం పట్టింది. "పెళ్ళయితే అదే పోతుంది. అత్తారింట్లో నోరు విప్పావంటే నా మీద ఒట్టే" అంది అమ్మ. బలానికి మాత్రలని చెప్పి మింగుతూ వచ్చింది. నిజంగానే పోయిందనుకుంది కూడా.

పాప పుట్టాక మళ్ళీ వచ్చింది. వంటింట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు. తెలివి వచ్చేసరికి పాలు పొంగి, స్టవ్వంతా మాడి, ఇల్లంతా పొగ. పాప మంచం మీద ఉంది కాబట్టి సరిపోయింది. చంకలో ఉండి ఉంటే?

డాక్టరు మందు మార్చాడు. భయం మాత్రం పోలేదు. మూర్ఛ వచ్చే ముందు ఆమెకు నాలుక మీద ఇనుము నాకినట్టు ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే పాపతో సహా నేలకి చేరుకోవాలి. పాపకు దెబ్బ తగలకూడదు. అది నేర్చుకోవడానికే వచ్చింది.

భర్తకు మాత్రం వీధి చివరి జిమ్ములో ఒళ్ళు తగ్గించే క్లాసని చెప్పింది. "గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, ఇంకేం తగ్గిస్తావే?" అని నవ్వాడతను.

మంచివాడే. కాస్త బద్ధకస్తుడు, కాస్త పిసినారి. పాపను ఎత్తుకోమంటే నేల మీద చతికిలబడి ఒళ్ళో వేసుకుంటాడు తప్ప నిలబడి ఎత్తుకున్న పాపాన పోలేదు. కారు కొనమని స్నేహితులు పోరుతుంటే, "బస్సుండగా కారెందుకు, దండగ!" అంటాడు. ఆమెకూ అదే కావాలి. స్టీరింగు ముందు కూర్చునే గండం తప్పింది.

నిన్న సాయంత్రం తలనొప్పిగా ఉందని ఫోన్ చేస్తే, వారం వారం ఉండే ఆఫీసు మీటింగు మానేసి పరుగున ఇంటికొచ్చాడు. అలాంటి మనిషినా మోసం చేస్తున్నానని ఆమెకు ఏడుపొచ్చింది. చెప్పేద్దామనుకుంది. చెబితే కాపురం ఉంటుందా? పాప తన దగ్గరుంటుందా?

"ఏమిటాలోచన?" అంది టీచరు.

"చేతుల్లో ఏమైనా ఉంటే ఎలా పడాలి?"

"వదిలెయ్యాలి."

"వదలకూడనిదైతే?"

టీచరు ఆమెను ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. మూల నుంచి ఓ దిండు తెచ్చి చేతుల్లో పెట్టింది. "గుండెకి హత్తుకో. ముందు మోకాళ్ళు వంచు. ఇప్పుడు పక్కకి ఒరుగు. నేల నీకు తగలాలి, దానికి కాదు."

ఈసారి పడింది. తుంటి చుర్రుమంది. దిండు నలగలేదు. లేచి మళ్ళీ పడింది. ఎన్నాళ్ళకో ఆమెకు నవ్వొచ్చింది.

నవ్వుతూ తలెత్తితే గాజు తలుపు అవతల పాపను తిప్పే బండి కనిపించింది. దాని వెనక భర్త.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. అతను బండి నెట్టుకుంటూ లోపలికి వచ్చి, ఆమెను చూసి చటుక్కున ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అనుమానమొచ్చి వెంబడించాడన్నమాట.

"నువ్వు... ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

ఇంకో అబద్ధం ఆమె నోటిదాకా వచ్చింది. బండిలోంచి పాప రెండు చేతులూ చాచింది. ఆమె దిండు కింద పెట్టింది.

"ఏవండీ, నాకు ఫిట్స్ వస్తాయి. చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. మావాళ్ళు మీ దగ్గర దాచారు. నేనూ దాచాను. పాపను ఎత్తుకుని పడిపోతానేమోనని ఇక్కడ చేరాను. నన్నెన్ని తిట్టినా సరే, పాపను మాత్రం నా నుంచి తీసుకెళ్ళకండి."

అతను నోరు తెరిచాడు. బండి పిడి పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు. ఇక అయిపోయిందనుకుని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

వాళ్ళ భాష ఒక్క ముక్కా తెలియని టీచరు నవ్వుతూ వచ్చి అతని భుజం తట్టి, "ఏం బాబూ, నిన్న మీ ఫిట్స్ వాళ్ళ క్లాసు ఎగ్గొట్టి, ఇవాళ పెద్దవాళ్ళ క్లాసుకొచ్చావేం?" అంది.