పిడికెడు బియ్యం

"ఎక్కడి దేశం, ఎక్కడి ఆకలి? ఓడెక్కి నెల రోజులు పోవాల్నట. గాళ్ళు మనకేమన్న సుట్టాలా పంతులూ?"

మిర్యాలగూడ ప్రార్థనా మందిరంలో సంఘపెద్ద పాపయ్య లేచి నిలబడ్డాడు. పోలీసుచర్య ముగిసి ఏడాది కాలేదు, బియ్యం దొరకడమే గగనం. పంతులు యేసయ్య ఇంటికో బస్తా అడుగుతాడేమోనని పాపయ్య గుండెల్లో రాయి పడింది. బియ్యం మిల్లు గుమాస్తా కదా, ఇంట్లో బస్తాలకు కొదవ లేదు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. బియ్యం వండే ప్రతి ఆడమనిషీ, ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. నెలాఖరున కుండలన్నీ మందిరానికి చేరతాయి. యుద్ధంలో చితికిపోయిన ఏదో దూరదేశంలోని పిల్లలకు ఈసారి ఆ బియ్యం అని పంతులు చెప్పాడు.

"దూరమైతే ఆకలి తక్కువైతదా పెద్దయ్యా?" అన్నాడు యేసయ్య.

"మన గల్లీల లేరా లేనోళ్ళు?"

"గాళ్ళకు నిరుడు ఏం పెట్టినవ్?" వెనక ఆడవాళ్ళలోంచి సాలి అనేసింది. అందరూ గొల్లున నవ్వారు. పాపయ్య ముఖం కందగడ్డ అయింది.

అప్పుడే దేవమ్మ వచ్చింది. కూలి మనిషి. పాపయ్య భార్య పోయాక రెండు పూటలా ఆ ఇంటి వంట ఆమెదే. రెండు చేతులా మోసుకొచ్చిన కుండ దింపింది. అంచు దాకా బియ్యం! మందిరంలో అంత నిండిన కుండ ఇంకొకటి లేదు.

పాపయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"సూడుండ్రి! పూట గడవని మనిషి ఎంత తెచ్చిందో! నా ఇంట్ల పనిజేసి నేర్సుకున్న గుణం అది."

"మరి మీ ఇంటి కుండేది పెద్దయ్యా?" అడిగాడు యేసయ్య.

"ఆడదిక్కు లేని కొంప. మొగోడు పిడికెడు తీసుడు రివాజు కాదు గద!" బస్తా గండం గట్టెక్కినందుకు పాపయ్య హాయిగా కూర్చున్నాడు.

యేసయ్యకు మాత్రం కుండ చూస్తే జాలేసింది. "గిన్ని బియ్యం ఎట్ల తీసినవ్ దేవమ్మా? పిల్లల కడుపు మాడ్సినవా ఏంది?"

"అయ్యో, లేదు పంతులూ! మా ఇంట్ల రోజూ జొన్నగట్కనే," అంది దేవమ్మ. "నేను బియ్యం వండేది పాపయ్య అయ్య ఇంట్లనే గద!"