కుట్టేసిన పేజీలు

ఖిదిర్‌పూర్ బజారులో పోలిరాజుది అద్దె తెలుగు పుస్తకాల కొట్టు. డిటెక్టివ్ నవలలకే గిరాకీ.

నిలబడి ఊరికే చదివేవాళ్ల బెడద ఎక్కువని, ప్రతి నవల్లోనూ చివరి పది పేజీలూ దారంతో కుట్టేసేవాడు. అద్దె కట్టినవాడికే కుట్టు విప్పుతాడు.

ఆదాము ఒక్కనాడూ విప్పమనలేదు.

ఓడరేవు డాక్‌లో మూటలు మోసే మనిషి. వాట్‌గంజ్ కూలీ లైన్లలో కాపురం. డ్యూటీ దిగగానే వచ్చి, 'కాలనేమి' పేరుతో మద్రాసు నుంచి వచ్చే కొత్త నవల తీసేవాడు. చెవి మీది పెన్సిలుతో అచ్చుతప్పులు దిద్దేవాడు.

"పుస్తకం పాడుసేస్తన్నావేటోయ్?"

"తప్పుంటే సూడనేనండి."

"కుట్టు ఇప్పకుండా హంతకుడెవడో సెప్పు సూద్దాం."

"పోలీసులు ఎవర్ని కుర్చీలో కూకోబెట్టి అడుగుతారో, ఆడేనండి."

పోలిరాజు విప్పి చూశాడు. నిజమే, జమీందారు.

"ఊరికే సదివినా బుర్రుందిరా నీకు" అని నవ్వాడు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం బల్ల మీది ట్రాన్సిస్టర్ పోయింది. కొట్లోకి వచ్చింది ఇద్దరే. ఆదాము, పోలిరాజు బావమరిది శ్యామసుందర్.

పోలీసు దరోగా వచ్చాడు. బ్యాంకు ఆఫీసరని తెలిసి శ్యామసుందర్‌కి కుర్చీ వేయించాడు. ఆదామును గోడకి నిలబెట్టాడు.

"ఎవరి మీద అనుమానం, దాదా?" అని పోలిరాజుని అడిగాడు.

ఆదాము కుర్చీ వైపు చూశాడు. తర్వాత పోలిరాజు వైపు చూశాడు.

పోలిరాజుకి ఆ చూపు అర్థమైంది. ఒక పక్క ఇల్లాలి తమ్ముడు, ఇంకో పక్క అద్దె కట్టని కూలీ. బేరం క్షణంలో తేలిపోయింది. వేలు గోడ వైపే చూపించాడు.

"దీనికి కుట్టు ఇప్పక్కర్లేదు గదండి" అన్నాడు ఆదాము, వెళ్తూ.

నాలుగు నెలలు శిక్ష పడింది.

దసరా పూజలకి పోలిరాజు భవానీపూర్‌లో బావమరిది ఇంటికి వెళ్లాడు. బీరువా పక్కన, గుడ్డ కప్పి, తన ట్రాన్సిస్టర్. చూడనట్టే టీ తాగి వచ్చేశాడు. ఆదాము అప్పటికింకా జైల్లోనే ఉన్నాడు.

విడుదలయ్యాక డాక్‌లో పనివ్వలేదు. భార్య రోజమ్మను తీసుకుని ఎటో వెళ్లిపోయాడు.

కాలనేమి నవలలు కూడా రావడం మానేశాయి. పాఠకులు రోజూ అడుగుతున్నారు. గిరాకీ పడిపోతుంటే పోలిరాజు మద్రాసు ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు.

వారానికి కార్డు వచ్చింది.

"కాలనేమి గారికి మేము రాసిన ఉత్తరాలన్నీ తిరిగి వస్తున్నాయి. ఇంతవరకు ఆయన పుస్తకాల ప్రతి ఒక్కటైనా ఆయనకు పంపకపోవడం మా తప్పే. మీకు దగ్గరే కనుక, ఒకసారి వాట్‌గంజ్ కూలీ లైన్లకు వెళ్లి, ఆదాము గారు ఎక్కడున్నారో కనుక్కొని రాయగలరు."