వాసన లేని సీసా

"మండుతుంది అబ్బా! తియ్, తియ్!"

ఆఫ్షీన్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని మంచం మీది నుంచి ఎగిరి లేచింది. తండ్రి దస్తగీర్ చేతిలో ఫౌండేషన్ సీసా ఇంకా మూత తెరిచే ఉంది. తల్లి కుల్సుమ్ తడిబట్టతో తుడిచేలోగానే అక్కడి చర్మం దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"గిది గూడ పాయె," అంటూ దస్తగీర్ ఆ సీసాను కిటికీ గట్టు మీదికి నెట్టాడు. పనికిరాకుండా పోయిన సీసాలన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి.

సాయంత్రం షాహెద్‌తో నికా. పొద్దు వాలేవేళ అసర్ నమాజు కాగానే పెళ్ళికూతురి ముస్తాబు మొదలుకావాలి. పార్లర్ ఆమె వరండాలో పెట్టె మూసుకుని కూర్చుంది. పొద్దున ఆమె రాసిన మొదటి క్రీముకే పిల్ల బుగ్గలు కందిపోయాయి. చర్మం డాక్టరు చూసి ఒకటే మాట చెప్పాడు: వాసన కలిపినదేదీ ఈ ఒంటికి తాకకూడదు.

"గీ మచ్చలేస్కొని నేను నలుగుర్ల కూసోను. కూసోబెడితే నికాకు కబూల్ గూడ అనను," అంది ఆఫ్షీన్. "షాహెద్ వాళ్ళమ్మకు ఫోన్ జేసి చెప్పబ్బా. తగ్గినంక జూద్దమని చెప్పు."

"మొహల్లాకంతా సింగారం అమ్ముతరు," కుల్సుమ్ మొగుడి మీద విరుచుకుపడింది. "సొంత బిడ్డకు ఒక్క సీసా దొరకదా మీకు?"

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో దస్తగీర్‌ది చిన్న ఫ్యాన్సీ దుకాణం. ఆయన 'మంచిదమ్మా' అంటే ఆడవాళ్ళు మారుమాట లేకుండా తీసుకుపోతారు. మాట మీద నడిచే దుకాణానికి మాటే పెట్టుబడి. క్రీములమ్మేవాడి కూతురి నికా క్రీము వల్లే ఆగిందంటే, రేపటి నుంచి గల్లాపెట్టె మీద వాలేవి ఈగలే. వేరే రోజైతే ఆయన ఆ లెక్క గట్టిగానే వేసుకునేవాడు. ఏడుస్తున్న పిల్ల ముందు ఏ లెక్కా నిలవడం లేదు.

స్కూటరు తీసి నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్‌లో టోకు వ్యాపారి కైలాసం కొట్టు ముందు ఆపాడు.

"రా దస్తగీర్ భాయ్! నువ్వు మలుపు తిరగకముందే నీ గులాబీ అత్తరు వచ్చి చెప్పింది," కైలాసం నవ్వాడు. "ఇంట్ల షాదీ పెట్టుకొని గిక్కడేం జేస్తున్నవ్?"

"నవ్వకు కైలాసమన్నా. నీ మాలంతా నకిలీది. సున్నితమైన చర్మానికని ముందట రాసి, లోపల నిప్పులు పోసిన్రు."

"ముందట రాసేది ఆశ. వెనక రాసేదే సరుకు. వెనక జూసినవా?"

"జూసిన. ఫ్రాగ్రెన్స్, పర్ఫ్యూమ్ అని ఉన్నయన్నీ అవతల పెట్టిన. లేనియే పిల్లకు రాసిన. గవి గూడ మండుతున్నయి."

కైలాసం నవ్వు ఆపి భూతద్దం తీశాడు. ఒక్కో డబ్బా తిప్పి, వెనక చీమల బారులాంటి అక్షరాలను చదవసాగాడు. "గిది వద్దు. లినలూల్ అంటున్నడు. గది గూడ వాసనదే, పేరు మార్చుకొని కూసున్నది. గిండ్ల లావెండర్ నూనె. గిది..." ఆగి, అద్దాన్ని మొదటి నుంచి మళ్ళీ నడిపించాడు. "జింక్ ఆక్సైడ్ ఉన్నది. వాసన పేరు ఒక్కటి లేదు. పాప రంగుకు గూడ కలుస్తది. దీస్కపో."

"గిది గూడ మండితే?"

"మండితే తప్పు దీనిది గాదు. తూకం తేడా వచ్చినప్పుడల్లా బియ్యాన్ని తిడితే ఎట్ల భాయ్? ఒక్కోపారి తక్కెడ గూడ జూస్కోవాలె."

సామెతలు వినే ఓపిక దస్తగీర్‌కు లేదు. సీసా జేబులో వేసుకుని బండి తిప్పాడు.

ఇల్లు చేరేసరికి అసర్ అజాన్ వినిపిస్తోంది. ఆఫ్షీన్ గోడవైపు తిరిగి కూర్చుంది. పెళ్ళి జోడా మడత విప్పకుండా పక్కనే పడి ఉంది.

"ఒక్కపారి బేటా. గిదే ఆఖరు."

దస్తగీర్ చేతులు శుభ్రంగా కడుక్కుని తుడుచుకున్నాడు. దుకాణంలో ప్రతి బేరానికీ చేసినట్టే చెవి ఒకసారి తడుముకుని, 'బిస్మిల్లా' అని మూత తిప్పాడు. చుక్కంత వేలికొసన తీసుకుని కూతురి దవడ కింద అద్దాడు.

ఆఫ్షీన్ పెదవి కొరుక్కుంది. ఓర్చుకోవాలని చూసింది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"మండుతుందబ్బా."

దస్తగీర్ గోడకు చేరగిలబడ్డాడు. ఆ సీసాలో వాసన లేదు. అది కైలాసం మాట ఇచ్చిన సరుకు. అదీ కాలుస్తోందంటే ఇక ఈ బజారులో వెతకడానికేమీ మిగల్లేదు. ఫోన్ తీశాడు.

"షాహెద్ వాళ్ళకు చెప్త. ఇయ్యాల నికా ఆపుదం."

ఆ మాట తండ్రి నోట వినగానే, నికా నిజంగానే ఆగిపోతోందని ఆఫ్షీన్ గిర్రున తిరిగింది. సీసా లాక్కుని అరచేతిలో ఒంపుకుంది.

"కాలితే కాలనీ! ఎంత మండుతదో మండనీ!" అంటూ కందిన బుగ్గకు గబగబా రాసేసుకుంది.

"అరే పాగల్!" కుల్సుమ్ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆఫ్షీన్ కళ్ళు గట్టిగా మూసుకుని మంట కోసం ఎదురుచూసింది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"అమ్మీ... చల్లగుంది."

కుల్సుమ్ అద్దం తెచ్చి పట్టింది. బుగ్గ మీది ఎరుపు ఆ పూత కింద అణిగిపోయింది. దవడ కింద తండ్రి అద్దిన చుక్క చుట్టూ మాత్రం ఇంకా కందే ఉంది.

"గదెట్ల?" దస్తగీర్ ఫోన్ పక్కన పడేశాడు. "గదే సీసా గద! ఆడ మండి, ఈడ మండకపోవుడేంది?"

కుల్సుమ్ కూతురి దవడ చూసింది, బుగ్గ చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"సీసా గదే అజీ. వేలే వేరే."

దస్తగీర్ వేలు అలవాటుగా చెవి మడతలో పెట్టుకున్న గులాబీ అత్తరు దూది మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.