ఏటా దొరకని లీకు

"అమ్మా, ఇంట్లోనే ఉన్నారా?"

ఇంజినీరమ్మ కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. గుమ్మంలో చెవులాయన నిలబడి ఉన్నాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. నీటి సరఫరా ఆఫీసులో లీకులు పట్టడం ఆయన పని. చేతిలో ఎప్పుడూ ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని కొసను నేలకు ఆనించి, పైనున్న బిళ్ళకు చెవి పెట్టాడంటే భూమిలో ఏ గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేస్తాడు.

"పండుగ లీకు మొదలైందమ్మా. ఈసారి మీరు కూడా పక్కనుంటే మంచిది."

పండుగ లీకు సంగతి ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. పండుగ నాడు నాలుగింటికల్లా ఊరు ఊరంతా మైదానానికి వెళ్ళిపోతుంది. ఇళ్ళకు తాళాలు పడతాయి. అక్కడ వేడుక జరిగే గంటసేపు నీళ్ళు వాడే నాథుడు ఉండకూడదు. కానీ కంట్రోల్ రూములో మీటరు ముల్లు కిందికి దిగదు. ఎక్కడో నీళ్ళు పోతూనే ఉంటాయి. పదకొండేళ్ళుగా చెవులాయన వెతకడం, దొరకలేదని రాసివ్వడం, అందరూ ఆయన్ని చెవిటాయన అని ఆటపట్టించడం మామూలైపోయింది. ఈ ఏడు మాత్రం పైనుంచి గట్టిగా ఉత్తర్వు వచ్చింది. ఇవాళ కూడా దొరక్కపోతే ఆయన పోస్టు ఎత్తేసి లీకులు పట్టే మిషను తెప్పిస్తారు. ఆ కాగితం రాయాల్సింది కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజినీరమ్మే.

"పదండి పెద్దాయనా," అందామె. గొంతు బొంగురుగా వచ్చింది. పండుగ సెలవులిచ్చిన ఈ మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్ళ ఇంట పండుగలు చేసుకోరు. తాతల నాటి నుంచీ అంతే, దానికి ఆమెకు ఏ బాధా లేదు. కానీ వీధుల్లో దీపాల తోరణాలు వేలాడదీసిన రోజు నుంచీ మనసు మీద ఎవరో బండ పెట్టినట్టుంటుంది. అన్నం సయించదు. మంచం దిగాలనిపించదు. చేసుకోని పండుగకు దిగులేమిటని తనను తానే తిట్టుకుంటుంది. ఎవరితోనైనా చెబితే నవ్విపోతారని భయం.

వీధులు బోసిగా ఉన్నాయి. చెవులాయన రెండో సందు మొదట్లో వంగి చెవి పెట్టాడు. "ఇక్కడేనమ్మా," అని ఎదురింటి తలుపు తట్టాడు.

తడి చేతులతో ఒక దర్జీ తలుపు తీశాడు. వెనక వంటింట్లో కొళాయి ధారగా పోతోంది.

"లీకు చూడటానికి వచ్చాం. మీరు మైదానానికి వెళ్ళలేదా?" అంది ఇంజినీరమ్మ.

"మాకు పండుగ లేదండి. ఊరికే కూచుంటే పిచ్చెక్కేలా ఉంది. అందుకే కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నా." అడక్కుండానే రెండు కుర్చీలు వేశాడు. పావుగంట కదలనివ్వలేదు.

తర్వాతి వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు మెట్లు కడుగుతున్నాడు. ఆ తర్వాత ఒక నర్సు, ఉతికి ఆరేసిన దుప్పట్లే తెచ్చి మళ్ళీ నానబెడుతోంది. "ఈ వారం రోజులూ డ్యూటీ ఉన్నా బాగుండేది మేడమ్," అంది. ఆమె పొయ్యి మీద ముగ్గురికి సరిపడా టీ మరుగుతోంది. లీకుకు వచ్చినవాళ్ళకు ఇంత మర్యాదా అనుకుంది ఇంజినీరమ్మ.

నాలుగు రోడ్ల కూడలిలో ఆమె కడ్డీ అడిగి తీసుకుంది. బిళ్ళకు చెవి ఆనించింది. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా, దూరంగా ఒక ధార. దాని వెనక ఇంకొకటి. నాలుగు దిక్కుల నుంచీ ధారలే. ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. గబగబా కంట్రోల్ రూముకు ఫోను చేసింది.

"నిమిషానికి ఏడు వేల లీటర్లు మేడమ్," అన్నారు అటునుంచి.

ఒక్కో కొళాయికి ఆరు లీటర్లు వేసుకున్నా పదకొండు వందల పైమాటే. పదకొండు వందల వంటిళ్ళు, పదకొండు వందల మంది, ఒక్కొక్కరూ తామొక్కరే అనుకుంటున్నవాళ్ళు!

"ఇంతమందిమా!" అంది పైకే. అక్కడే రోడ్డు పక్కన చతికిలబడింది. భూమి కింద ఇంత ఊరు ఉందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"పెద్దాయనా, అసలు లీకే లేదు. వీళ్ళంతా మనుషులు."

"అవునమ్మా."

ఆమె తలెత్తి చూసింది. "మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఏడే."

"మరి పదకొండేళ్ళు దొరకలేదని ఎందుకు రాశారు? ఆఫీసంతా నవ్వుతుంటే పడ్డారే!"

"దొరికిందని రాస్తే ఆ ఫైలు మూసేస్తారు. మళ్ళీ ఏడు ఏ వంకతో ఈ తలుపులు తట్టేదమ్మా? వట్టినే వస్తే జాలిపడి వచ్చాననుకుంటారు."

"మీకూ పండుగ లేదా?"

"ఉందమ్మా. మా ఆవిడ ఎదురుచూస్తోంది. కాస్త ఆలస్యంగా చేసుకుంటాం, అంతే."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాసింది: 'లీకు ఉన్నది. మిషనుకు అందేది కాదు. ఏటా మనిషి వెళ్ళి వినవలసినదే.' కింద సంతకం చేసింది. ఇక ఈయన పోస్టు జోలికి ఎవరొస్తారో చూస్తాను అనుకుంది.

"అంతా బానే ఉంది కానీ," అంది లేస్తూ, "ఈ సంతకమేదో రేపు ఆఫీసులోనే పెట్టేదాన్ని కదా. పనిగట్టుకుని మా ఇంటికొచ్చి నన్నెందుకు వెంటబెట్టుకొచ్చారు?"

చెవులాయన కడ్డీ భుజాన వేసుకున్నాడు.

"ఈ ఏడు మొదట వినపడింది మీ కొళాయేనమ్మా."